చైనా కథల స్టాంపులు: కింది అంచు చదివాకే కొనండి

ఈ స్టాంపుల కోసం చైనీస్ లిపి నేర్చుకోనక్కర్లేదు. కింది అంచున చీమతలకాయంత అచ్చులో ఉండే అంకెలు చదవగలిగితే సగం పని అయినట్టే. 1974 నుంచి 1991 దాకా వచ్చిన వాటిలో ఎడమ మూల ‘టి.43.(8-1)’ లాంటి రాత ఇంగ్లిష్ అక్షరంతో ఉంటుంది. ‘టి’ అంటే ప్రత్యేక విడుదల, ‘జె’ అయితే స్మారక విడుదల. 43 సెట్టు నంబరు. బ్రాకెట్లో 8 అంటే సెట్టు మొత్తం ఎనిమిది, 1 అంటే చేతిలో ఉన్నది మొదటిది. కుడి మూల సంవత్సరం. 1992 నుంచి నంబరు ఏడాదితోనే మొదలవుతుంది: 1992-9 అంటే ఆ ఏడాది తొమ్మిదో సెట్టు. స్టాంపుపై తపాలా శాఖ పేరు రాసే తీరు కూడా అప్పుడే మారింది. పాత వాటిపై ఆరు చైనీస్ అక్షరాలు, 1992 తర్వాతి వాటిపై నాలుగే, పక్కన ఇంగ్లిష్‌లో చైనా అని. ఇవే కథలపై తైవాన్, మకావు కూడా స్టాంపులు వేశాయి. వాటికి వేరే పేజీలు పెట్టుకోండి.

అన్ని కథలూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు. ఒక కథ ఎంచుకోండి. కొత్తవాళ్లకు 1987 నాటి టి.120, ప్రాచీన పురాణగాథల సెట్టు, మంచి ఆరంభం. ఆరే స్టాంపులు: సృష్టి చేసే పాన్‌గూ, మనుషుల్ని తయారుచేసే నూవా, తొమ్మిది సూర్యుల్ని కొట్టిన విలుకాడు యీ, చంద్రుడి మీదికి ఎగిరిపోయే చాంగ్ ఎ, సూర్యుణ్ణి తరిమిన క్వాఫూ, సముద్రాన్ని పూడ్చే జింగ్‌వే పిట్ట. 1980ల చివరి సెట్లు విస్తారంగా అచ్చయ్యాయి కాబట్టి ధర చేతికందేలా ఉంటుంది. అదే కారణంగా మచ్చ ఉన్నదో, అంచు పళ్లు విరిగినదో సర్దుకుని కొనాల్సిన పని లేదు.

మనవాళ్లకు దగ్గరగా తోచేది ‘పశ్చిమ యాత్ర’ అనే చైనా నవల. ధాన్యకటకం దాకా వచ్చిన హ్యూయన్‌త్సాంగే ఆ నవలలోని భిక్షువుకు మూలం. 1979 నాటి టి.43లో ఎనిమిది స్టాంపులు, వానరవీరుడు సన్ వుకోంగ్ కథ. ఈ సెట్టుకు మినియేచర్ షీట్ (చుట్టూ అలంకరణతో విడిగా అచ్చేసే చిన్న స్టాంపు కాగితం) రాలేదు. ఎవరైనా ఉందని అమ్మజూపితే వదిలేయండి. 2015 నుంచి ఇదే నవలపై కొత్త వరస మొదలైంది. పాతదీ కొత్తదీ కలిపి ‘పూర్తి సెట్టు’ అని అమ్మేవాళ్లుంటారు, ఏడాది చూసుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది విడతల దగ్గర. ‘మూడు రాజ్యాల కథ’ నవల స్టాంపులు 1988, 1990, 1992, 1994, 1998లలో ఐదు విడతలుగా వచ్చాయి. విడతకు నాలుగు చొప్పున మొత్తం ఇరవై. ‘4-4’ చూసి అయిపోయిందనుకుంటే పదహారు మిగిలే ఉంటాయి. ‘నీటి అంచు వీరులు’ నవలవి కూడా 1987 నుంచి 1997 వరకు ఐదు విడతలే. దీనికి విరుద్ధం టి.69, ‘ఎర్ర మేడ కల’ నవలలోని పన్నెండుమంది అందగత్తెలు: నంబరు ఒకటే, అయినా 1981లో కొన్ని, 1982లో మిగతావి విడుదలయ్యాయి. ఫస్ట్ డే కవర్లు (విడుదల రోజు ముద్ర వేసిన కవర్లు) కొంటే రెండు తేదీలూ ఉండాలి.

ఇక నకిలీలు. 1980 నాటి ఎర్ర నేపథ్యపు కోతి స్టాంపు, టి.46, సన్ వుకోంగ్ కాదు. అది కోతి సంవత్సరపు రాశి స్టాంపు. కథల సేకరణలో దానికి చోటు లేదు, కానీ ఖరీదైనది కాబట్టి ఆ పేరు చెప్పి అంటగట్టడం మామూలు. కొనక తప్పదనుకుంటే పది రెట్ల భూతద్దం పెట్టి, స్టాంపును దీపానికి ఏటవాలుగా పట్టుకోండి. అసలుదానిలో బొచ్చు గీతలు చెక్కిన పలకతో అచ్చయ్యాయి, సిరా ఉబ్బుగా నిలిచి మెరుస్తుంది. ఆఫ్‌సెట్ (మామూలు చదును అచ్చు) నకిలీలో అవే గీతలు చదునుగా, చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి. ఏ స్టాంపుకైనా వెనకవైపు ఫొటో అడగండి. మూల మీద శుభ్రమైన తపాలా ముద్ర, వెనక చెక్కుచెదరని జిగురు ఉంటే అది ఉత్తరం మీద తిరిగినది కాదు, సేకర్తల కోసం ముద్ర కొట్టి అమ్మినది. మోసం కాదు, కానీ మింట్ (ముద్ర పడని కొత్త స్టాంపు) ధర ఇవ్వకూడదు.

చేతితో ముట్టకండి, మొన చదునుగా ఉన్న ట్వీజర్ వాడండి. మింట్ స్టాంపుకు హింజ్ (పేజీకి అంటించే చిన్న జిగురు కాగితం) అంటిస్తే జిగురు మీద గుర్తు పడి విలువ పోతుంది. స్టాంపు కంటే రెండు మిల్లీమీటర్లు పెద్దగా కత్తిరించిన మౌంట్ (స్టాంపును దూర్చిపెట్టే పారదర్శక తొడుగు) చాలు. పీవీసీ కవర్లు వద్దు, రంగు లాగేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో జిగురు చెమర్చి స్టాంపు పేజీకి అతుక్కుంటుంది, గోధుమరంగు బూజు మచ్చలూ వస్తాయి. ఆల్బమ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి, మూతబిగువు డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. నీలం గింజలు గులాబీకి తిరిగితే మార్చాలి. మోతాదు మించితే స్టాంపులు చుట్టుకుపోతాయి.

వాడిన స్టాంపుల్ని కాగితంతో సహా గోరువెచ్చని నీటిలో పావుగంట ఉంచితే వాటంతటవే విడిపోతాయి. బొమ్మ కిందికి పెట్టి బ్లాటింగ్ పేపర్ మీద ఆరబెట్టి, తర్వాత పుస్తకం బరువు పెట్టండి. చైనా నుంచి వచ్చే ఎర్ర కవర్లతో మాత్రం జాగ్రత్త. ఆ రంగు నీళ్లలో దిగి స్టాంపు అంచు పళ్లకు పట్టిందంటే మళ్లీ వదలదు. వాటిని ఒక్కొక్కటిగా, చల్లటి నీటిలో, రంగు దిగగానే నీళ్లు మారుస్తూ విడదీయండి. అనుమానంగా ఉంటే కవరు ముక్కతోనే దాచుకోండి.