రాతిపువ్వు ఏ జాతిదో తేల్చడం ఎలా?

కిరాణా కొట్లో ఒక రాతిపువ్వు పొట్లం కొని తెల్ల కాగితం మీద పరవండి. బిర్యానీలోకి వేసేటప్పుడు అంతా ఒకటే సరుకనుకుంటాం. ఓపిగ్గా వేరుచేస్తే రెండు మూడు రకాలు తేలడం మామూలే. పుస్తకాల్లో దీని పేరు పార్మోట్రీమా పెర్లాటమ్. అంగడికి వచ్చేసరికి దాని దగ్గరి చుట్టం పార్మోట్రీమా టింక్టోరమ్, సన్నని పట్టీల్లా చీలే ఎవర్నియాస్ట్రమ్ కూడా అందులో కలిసిపోతుంటాయి. రాతిపువ్వు లైకెన్ అనే రకం జీవి. లైకెన్లను గుర్తించడం నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన బడి లేదు. అడవిలో కొత్త జాతి దొరికిందని ప్రకటించే శాస్త్రవేత్త చేసేదీ ఇదే పని, ఇంకా లోతుగా.

ముందుగా ఒక్క మాట. లైకెన్ ఒంటరి జీవి కాదు. ఒక శిలీంధ్రం, దాని ఒడిలో ఆకుపచ్చ శైవలమో సయనోబాక్టీరియానో కలిసి చేసే కాపురం అది. ఈ సంగతి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1867లో చెబితే అప్పటి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. జాతి పేరు మాత్రం శిలీంధ్రానిదే. డీఎన్‌ఏ దశకు వచ్చేసరికి ఈ విషయం బాగా పనికొస్తుంది.

1. సేకరించడం

రిజర్వు అడవిలో అయితే అనుమతి తీసుకోండి. ఉన్నదంతా గీకేయకండి, చిన్న ముక్క చాలు. రాతిని అంటిపెట్టుకుని పెచ్చులా పెరిగేదాన్ని ఉలితో రాతి పెచ్చుతో సహా తీయాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది, కాగితం పొట్లమే మేలు. పొట్లం మీద తేదీ, ఊరు, ఎత్తు, ఏ చెట్టు బెరడు, ఎండా నీడా అన్నీ అక్కడే నిలబడి రాయండి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే సగం మరిచిపోతారు.

2. లెన్స్‌తో చూడటం

పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి లెన్స్ చాలు. పెచ్చులా ఉందా, ఆకులా ఉందా, పొదలా ఉందా చూడండి. ఆ తర్వాత అంచులకు రండి. పెర్లాటమ్ అంచుల్లో పిండి చల్లినట్టు పొడి ఉంటుంది, పక్కన కనురెప్పల్లాంటి నల్లని వెంట్రుకలు ఉంటాయి. టింక్టోరమ్‌లో ఆ పొడి ఉండదు, పైభాగమంతా గుండుసూది మొనల్లాంటి చిన్న చిన్న బుడిపెలు లేచి ఉంటాయి. పిల్లి నాలుకలా వేలికి గరుకుగా తగులుతాయి.

పళ్లెం ఆకారపు ఫలనాలు (సిద్ధబీజాలు పుట్టే భాగాలు) ఉంటే బ్లేడుతో పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. సిద్ధబీజాల పొడవు, వెడల్పు, రంగు, మధ్యలో అడ్డుగోడలు ఉన్నాయా లేదా అన్నవి రాసుకోవాలి. ఒకటి రెండు కొలిచి ఊరుకోకండి, కనీసం ఇరవై కొలవండి.

3. చుక్క పరీక్ష

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. లైకెన్లు తమ ఒంట్లో రకరకాల ఆమ్లాలు తయారు చేసుకుంటాయి. ఏ ఆమ్లం ఉందో రంగు చెప్పేస్తుంది.

బ్లేడు మొనతో బూడిదరంగు పైపొరను, దాని కిందున్న పచ్చని పొరను మెల్లగా గీకండి. లోపల దూదిలాంటి తెల్లని పొర కనిపిస్తుంది. పుల్ల మొనతో దాని మీద ఒక్క చుక్క బ్లీచ్ పెట్టండి. టింక్టోరమ్ అయితే చూస్తుండగానే ఎర్రబడుతుంది. అది లెకనోరిక్ ఆమ్లం గుర్తు. ఆ ఎరుపు ఎక్కువసేపు ఉండదు, రెప్ప వేయకుండా చూడాలి. పెర్లాటమ్ అయితే బ్లీచ్‌కు ఏమీ పలకదు. పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పెడితే పసుపు తిరిగి నారింజ వైపు వెళుతుంది, అది స్టిక్టిక్ ఆమ్లం వల్ల.

బ్లీచ్ తాజాగా ఉండాలి. ఒకసారి నెలల తరబడి మూత తీసి ఉన్న సీసా వాడి, ఎరుపు రాలేదని ఒక పొట్లం మొత్తానికి తప్పు పేరు రాశాను. అప్పటినుంచి ప్రతిసారీ ముందు టింక్టోరమ్ అని తెలిసిన ముక్క మీద చుక్క వేసి చూసుకున్నాకే పని మొదలుపెడుతున్నాను. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది, కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పరీక్ష చేసిన ముక్క మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

ఇంకా కచ్చితంగా కావాలంటే ప్రయోగశాలలో పలుచటి పొర క్రొమటోగ్రఫీ చేస్తారు. ముక్కను అసిటోన్‌లో నానబెట్టి, ఆ రసాన్ని సిలికా పలక మీద పరుగెత్తించి ఏ మచ్చ ఎంత ఎత్తుకు ఎక్కిందో చూస్తారు.

4. డీఎన్‌ఏ

ఇది ఇంట్లో అయ్యే పని కాదు. దగ్గర్లోని విశ్వవిద్యాలయం సాయం కావాలి. నమూనా తాజాగా ఉంటే మంచిది, ఏళ్లు గడిచేకొద్దీ డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. మైక్రోస్కోప్ కింద శుభ్రం చేసి గోటి చివరంత తీసుకుంటే చాలు. ఎందుకంత శుభ్రం అంటే, లైకెన్ మీద వేరే శిలీంధ్రాలు కూడా బతుకుతుంటాయి. వాటి డీఎన్‌ఏ కలిస్తే ఫలితం గందరగోళమే.

డీఎన్‌ఏలో చదవాల్సిన భాగం పేరు ఐటీఎస్. శిలీంధ్రాలన్నిటికీ దీన్నే గుర్తింపు ముద్రగా వాడదామని 2012లో శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. శైవలాన్ని వదిలి శిలీంధ్రాన్నే పట్టుకునే ప్రైమర్లు, అంటే కావలసిన భాగానికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, వాడాలి. వచ్చిన డీఎన్‌ఏ అక్షరాల వరుసను, అలాంటి వరుసలు దాచే ఖజానా అయిన జెన్‌బ్యాంక్‌లో ఉన్నవాటితో పోల్చండి. పైన కనబడ్డ మొదటి పేరును గుడ్డిగా నమ్మకండి, అక్కడ తప్పు పేరుతో చేరినవీ ఉన్నాయి. వేర్వేరు చోట్ల సేకరించిన నమూనాలు, ఒకటికి మించిన జన్యువులు కలిపి వంశవృక్షం గీస్తేనే మాటకు బలం.

5. సాక్ష్యాలు కలవనప్పుడు

అసలు పని ఇక్కడే ఉంది. లాటిన్ అమెరికాలో పెరిగే కోరా అనే లైకెన్‌ను చాలాకాలం ఒకే జాతిగా లెక్కపెట్టారు. 2014లో డీఎన్‌ఏ చదివి చూస్తే అందులో 126 జాతులు తేలాయి, మొత్తం నాలుగు వందలు దాటవచ్చని అంచనా వేశారు. మళ్లీ వెనక్కి వెళ్లి ఆకారాన్ని చూస్తే, ఇంతకుముందు పట్టించుకోని తేడాలు కనబడ్డాయి.

ఉత్తర అమెరికా పడమటి అడవుల్లో కథ తిరగబడింది. బ్రయోరియా ఫ్రెమోంటియై గోధుమరంగులో ఉంటుంది, అక్కడి ఆదివాసులు దాన్ని వండుకు తినేవారు. బ్రయోరియా టార్టువోసా పసుపుపచ్చగా ఉంటుంది, వల్పినిక్ ఆమ్లం నిండిన విషం. రంగు వేరు, గుణం వేరు. అయినా ప్రధాన శిలీంధ్రం డీఎన్‌ఏలో వాటిని విడదీసే తేడా దొరకలేదు. పసుపుదాంట్లో ఒక ఈస్ట్ ఎక్కువగా ఉందని 2016లో బయటపడింది.

అందుకే ఆకారం, రసాయనం, జన్యువు మూడూ ఒకే మాట చెబితేనే నేను పేరు రాస్తాను. చెప్పకపోతే పొట్లం మీద ప్రశ్నార్థకం పెట్టి మరిన్ని నమూనాలకు వెళతాను.

6. కొత్త జాతి అని ప్రకటించాలంటే

దగ్గరి జాతులన్నిటితో పోల్చాక కూడా దేనికీ సరిపోకపోతే లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ లాంటి చోట, లైకెన్ హెర్బేరియంలో దాచిన నమూనాలతో సరిచూడాలి. పేరు చెల్లాలంటే లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ వివరణ ప్రచురించాలి, శిలీంధ్రాల పేర్లు నమోదు చేసే మైకోబ్యాంక్ లాంటి రిజిస్టరులో సంఖ్య తీసుకోవాలి, ఒక మూల నమూనాను హెర్బేరియంకు అప్పగించాలి. డీఎన్‌ఏ వరుసను జెన్‌బ్యాంక్‌లో చేర్చేటప్పుడు ఆ పొట్లం సంఖ్యే రాయండి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే ఆ పొట్లం విప్పి, అదే ముక్క మీద మళ్లీ చుక్క వేసి చూసుకుంటారు.