టైమ్ ట్రాకర్‌లోని గంటలకు వాతావరణ వివరాలు వాటంతటవే చేరాలంటే ఎలా చేయాలి?

బయట జరిగే పనికి గంటలు లెక్కపెట్టడం తేలికే. ఆ గంటల్లో పని ఎందుకు సాగలేదో నెల తర్వాత చెప్పాల్సి వస్తేనే తలనొప్పి. పైకప్పులు వేసేవాళ్లు, రంగులు కొట్టేవాళ్లు, సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లు, సర్వే చేసేవాళ్లు ఎవరి టైమ్‌షీట్ చూసినా "నాలుగు గంటలు" అని మాత్రమే ఉంటుంది. అందులో గంటన్నర టార్పాలిన్ కింద నిలబడి వాన తగ్గేదాకా ఎదురుచూశారన్న సంగతి ఎక్కడా కనిపించదు. క్లయింట్ అడిగిన రోజున పాత మెసేజ్‌లు తవ్వుకోవాల్సిందే.

ఆ వివరం దానంతటదే చేరేలా ఒక వర్క్‌ఫ్లో (ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే నడిచే పనుల వరుస) కట్టుకోవచ్చు. ఇక్కడ గంటలు నమోదు చేయడానికి క్లాకిఫై (Clockify), వాతావరణ వివరాలకు ఓపెన్-మీటియో (Open-Meteo), రెంటినీ కలిపే ఆటోమేషన్ సాధనంగా ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) తీసుకున్నాను. మీరు టాగుల్, ఓపెన్‌వెదర్, మేక్, జాపియర్ లాంటివి వాడుతున్నా పద్ధతి దాదాపు ఇదే. ఓపెన్-మీటియోకి ఏపీఐ కీ (ఒక ప్రోగ్రామ్ ఆ సేవను వాడుకోవడానికి చూపాల్సిన రహస్య సంకేతం) అక్కర్లేదు కానీ ఆ ఉచితం వ్యాపారేతర వాడకానికే. సంస్థ పనికైతే పెయిడ్ ప్లాన్ తీసుకోవాలి. ఓపెన్‌వెదర్ వాడేవాళ్లు కొలమానం మెట్రిక్ అని చెప్పడం మరవకండి. చెప్పకపోతే ఉష్ణోగ్రత కెల్విన్‌లో వస్తుంది, 303 డిగ్రీలు చూసి కంగారు పడతారు.

మొదలుపెట్టే ముందు ఒక్క నియమం పెట్టుకోండి: ఈ ఆటోమేషన్ గంటల జోలికి పోకూడదు. వాన పడిందని సమయం తగ్గించడం, ఎంట్రీ చెరిపేయడం లాంటివి దాని చేతికి ఇవ్వొద్దు. అది ఎంట్రీకి ట్యాగ్ (చిన్న గుర్తు) తగిలించి ఊరుకోవాలి, అంతే. ఎందుకంటే ఇలాంటి సేవలు ఇచ్చేది చాలావరకు కంప్యూటర్ మోడల్ లెక్కగట్టిన విలువ, మీ సైట్‌లో పెట్టిన వర్షమాపకం చూపించిన అంకె కాదు. ఈ వీధిలో కుండపోతగా కురిసి పక్క వీధిలో చినుకు పడని రోజులు ఎవరికి తెలియవు?

1. ఎప్పుడు నడవాలి?

టైమర్ ఆపగానే వెబ్‌హుక్‌తో (ఏదైనా జరగగానే ట్రాకర్ పంపే కబురుతో) వర్క్‌ఫ్లో మొదలవ్వాలనేది అందరికీ తట్టే ఆలోచన. నేనైతే వద్దంటాను. టైమర్ 4.40కి ఆగిందనుకోండి, 5 గంటల విలువ అప్పటికి ఇంకా అంచనాయే. పైగా ఆపాక మనుషులు ఎంట్రీలు దిద్దుతారు, మరిచిపోయినవి రాత్రికి చేత్తో ఎక్కిస్తారు. అందుకని రోజూ తెల్లవారుజామున ఒకసారి నడిచి, నిన్నటి ఎంట్రీలన్నిటినీ చూసేలా పెట్టండి.

ఎన్‌ఎయిట్‌ఎన్‌లో షెడ్యూల్ ట్రిగ్గర్ (చెప్పిన వేళకు వర్క్‌ఫ్లోని లేపేది) పెట్టి, వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ మార్చండి. సొంత సర్వర్ మీద నడిపేవాళ్లకు, మార్చకపోతే అది న్యూయార్క్ సమయాన్నే పట్టుకుంటుంది. మీ తెల్లవారుజాము దానికి వేరే పూట.

వెంటనే ట్యాగ్ పడాల్సిన అవసరం నిజంగా ఉంటే వెబ్‌హుక్ వాడొచ్చు, కానీ "టైమర్ ఆగింది" అనే ఈవెంట్‌నే ఎంచుకోండి. "ఎంట్రీ మారింది" అనే దాన్ని ఎంచుకున్నారో, మీరు ట్యాగ్ వేయడమే ఒక మార్పు అయి మళ్లీ వర్క్‌ఫ్లోని లేపుతుంది. అది మళ్లీ ట్యాగ్ వేస్తుంది, ఇక ఆగదు.

2. సైట్ల పట్టిక

ఒక షీట్‌లో ప్రాజెక్ట్ ఐడీ, అక్షాంశం, రేఖాంశం అని మూడు కాలమ్‌లు చాలు. ప్రాజెక్ట్ పేరును నమ్ముకోవద్దు, ఎవరో ఒకరు పేరు మారుస్తారు. దశాంశం తర్వాత రెండు అంకెలు ఉంటే కిలోమీటరు అటూ ఇటూగా చోటు దొరుకుతుంది, ఈ పనికి అంతకన్నా అక్కర్లేదు. మనుషుల ఫోన్ జీపీఎస్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. కావాల్సింది సైట్ మీది వాన, మనిషి ఎక్కడెక్కడ తిరిగాడన్నది కాదు.

3. నిన్నటి ఎంట్రీలు

క్లాకిఫై ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఏపీఐ కీ తీసుకుని, ఎన్‌ఎయిట్‌ఎన్ క్రెడెన్షియల్స్‌లో (కీలు భద్రపరిచే చోట) దాచండి. నోడ్‌లో (వర్క్‌ఫ్లోలోని ఒక్కో అంచెలో) నేరుగా అతికించొద్దు, వర్క్‌ఫ్లోని ఎవరికైనా పంపితే కీ కూడా వెళ్లిపోతుంది. తర్వాత హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌తో (వెబ్ సేవను డేటా అడిగేది) ఒక్కో సభ్యుడి ఎంట్రీలు తెప్పించుకోండి. ఇంకా నడుస్తున్న టైమర్‌కు ముగింపు సమయం ఉండదు, వాటిని ఇఫ్ నోడ్‌తో (షరతు చూసి వేరుచేసేది) పక్కన పెట్టేయండి.

4. వాన లెక్క

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, నెమ్మదిగా చూడండి.

క్లాకిఫై సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) వస్తాయి. ఓపెన్-మీటియో కూడా టైమ్‌జోన్ చెప్పకపోతే జీఎంటీలోనే ఇస్తుంది. రెండూ ఒకటే కాబట్టి అలాగే వదిలేయండి, స్థానిక సమయంలోకి మార్చే పని రిపోర్ట్ చూపించేటప్పుడు పెట్టుకుంటే చాలు. ఒక జాగ్రత్త: మీ "నిన్న" యూటీసీలో రెండు తేదీల మీదికి పాకొచ్చు. అందుకే వెనక్కి రెండు రోజుల డేటా అడగండి. గంటవారీ వర్షపాతం, ఉష్ణోగ్రత, ఈదురుగాలి వేగం ఈ మూడూ తీసుకుంటే చాలామటుకు సరిపోతుంది.

ఇప్పుడు ఒక ఎంట్రీ చూద్దాం. పని 14.20కి మొదలై 16.40కి ముగిసింది. ఏ గంటల విలువలు తీసుకోవాలి? 14, 15, 16 అనిపిస్తుంది. కాదు. ఓపెన్-మీటియోలో 15.00 ఎదురుగా ఉన్న వర్షపాతం అంతకుముందు గంటది, అంటే 14 నుంచి 15 వరకు పడిన వాన. కాబట్టి మనకు కావాల్సినవి 15, 16, 17 ఎదురుగా ఉన్న అంకెలు. అవి వరుసగా 0.2, 4.1, 0 మి.మీ. అనుకుంటే మొత్తం 4.3, ఎక్కువలో ఎక్కువ గంటకు 4.1. ఒక్క గంట అటూ ఇటూ జరిగినా ఎండలో చేసిన పనికి వాన ట్యాగ్ పడుతుంది, ఆ తర్వాత ఈ లెక్కను ఎవరూ నమ్మరు. ఉష్ణోగ్రత మాత్రం ఆ క్షణపు విలువే, దానికి ఈ తిరకాసు లేదు.

ఎంత పడితే వాన అనాలి? మోస్తరు వానకు గంటకు 2.5 మి.మీ. అనేది వాడుకలో ఉన్న హద్దు, అక్కడి నుంచి మొదలుపెట్టండి. రంగులు వేసే పనికి అంతకన్నా తక్కువ వాన పడినా ఎక్కువే, మట్టి తవ్వే పనికి అది లెక్కలోకే రాకపోవచ్చు. హద్దును కోడ్‌లో రాసేయకుండా సైట్ల పట్టికలోనే నాలుగో కాలమ్‌గా పెట్టుకుంటే ఒక్కో పనికి ఒక్కోలా మార్చుకోవచ్చు.

5. ట్యాగ్ వేయడం

"వాన", "ఈదురుగాలి", "ఎండ తీవ్రత" లాంటి కొద్ది ట్యాగ్‌లు క్లాకిఫైలో ముందే తయారు చేసుకోండి. ఏపీఐకి ట్యాగ్ పేరు కాదు, దాని ఐడీ ఇవ్వాలి. ఎంట్రీని తిరిగి రాసేటప్పుడు ట్యాగ్ ఒక్కటే పంపితే వివరణ, ప్రాజెక్ట్ వంటివి ఖాళీ అయిపోయే ప్రమాదం ఉంది. అందుకని 3వ అంచెలో తెచ్చుకున్న పాత విలువలన్నీ, మనుషులు వేసిన ట్యాగ్‌లతో సహా కలిపి పంపండి. పాత వాతావరణ ట్యాగ్ ఉంటే తీసేసి కొత్తది వేయండి, అప్పుడు వర్క్‌ఫ్లో రెండుసార్లు నడిచినా నష్టం లేదు.

4.3, 4.1 లాంటి అంకెలను ట్రాకర్‌లో కుక్కొద్దు. ఎంట్రీ ఐడీతో పాటు వేరే షీట్‌లో ఒక వరుసగా రాయండి. ఎవరైనా "ఈ ట్యాగ్ ఎందుకు పడింది" అంటే చూపించడానికి అదే ఆధారం.

వాతావరణ సేవ ఆ పూట పలకకపోతే? కొద్ది నిమిషాల తేడాతో మళ్లీ ప్రయత్నించేలా పెట్టి, అప్పటికీ రాకపోతే "వివరం లేదు" అనే ట్యాగ్ వేయండి. ఖాళీగా వదిలేస్తే దాన్ని అందరూ "వాన లేదు" అని చదువుకుంటారు.

6. నడిపి చూడటం

గట్టిగా వాన పడిందని మీకు తెలిసిన ఒక రోజును ఎంచుకుని ఒక్క ఎంట్రీ మీద నడపండి. ఓపెన్-మీటియో ఫోర్‌కాస్ట్ ఏపీఐ 92 రోజుల వరకు వెనక్కి వెళ్లనిస్తుంది కాబట్టి పాత రోజు దొరకడం కష్టం కాదు. తర్వాత ఎండ కాసిన రోజు మీద, అర్ధరాత్రి దాటిన షిఫ్ట్ మీద కూడా చూడండి. మూడూ సరిగ్గా వచ్చాకే రోజువారీ షెడ్యూల్ ఆన్ చేయండి. టైమ్‌షీట్ ఆమోదం పొందాక ఎంట్రీ లాక్ అయితే ట్యాగ్ పడదు, కాబట్టి ఆమోదించే వేళకు ముందే వర్క్‌ఫ్లో నడిచి ఉండాలి.

టీమ్‌కు ఏం నమోదవుతోందో, దాన్ని దేనికి వాడతారో ముందే చెప్పేయండి. క్లయింట్ దగ్గర గడువు పొడిగింపు అడగడానికే ఇదంతా చేస్తున్నట్లయితే ఒప్పందం ఒకసారి తీసి చదవండి: ఫలానా వాతావరణ కేంద్రం రికార్డే చెల్లుతుందని అందులో రాసి ఉంటే, ఈ ట్యాగ్‌లు ఏ రోజులకు ఆ రికార్డు తెప్పించుకోవాలో చూపించడానికి మాత్రమే పనికొస్తాయి.