థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లో తెలిసి ఉండాల్సిన జాగ్రత్తలు

థైరాయిడ్ గ్రంథి తీయించుకున్న మనిషి చాలాసార్లు మర్నాడే లేచి తిరుగుతారు. కాఫీ అడుగుతారు, ఫోన్లో మాట్లాడతారు. మెడ మీద కోత అనగానే మనం ఊహించుకున్నంత నొప్పి చాలామందికి ఉండదు. అది చూసి ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. నిజానికి గట్టిగా కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ మొదటి మూడు నాలుగు రోజులే. ఏ లక్షణానికి అప్పటికప్పుడు పరుగెత్తాలో, దేనికి డాక్టర్‌కి ఫోన్ చేయాలో, దేనికి ఓపిక పట్టాలో పేషెంటుతో పాటు రాత్రి పక్కన పడుకునే మనిషికి కూడా తెలిసి ఉండాలి. మా వదినకి గ్రంథి మొత్తం తీసేసినప్పుడు ఇంటి దగ్గర చూసుకున్నది నేనే. అప్పుడు తెలుసుకున్నవీ, తర్వాత డాక్టర్లని అడిగి రాసి పెట్టుకున్నవీ ఇవి. మీ సర్జన్ చెప్పినదానికీ దీనికీ ఎక్కడైనా తేడా వస్తే సర్జన్ మాటే వినండి.

ఆపరేషన్‌కి ముందే ఒక ప్రశ్న అడగాలి: గ్రంథిలో ఒక పక్క తీస్తున్నారా, మొత్తం తీస్తున్నారా? తర్వాతి జాగ్రత్తలన్నీ దీన్ని బట్టే మారతాయి. గ్రంథి వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేవి అవే. పక్కనుంచే స్వరతంత్రుల్ని కదిలించే నరాలు వెళ్తాయి. ఒక పక్కే తీస్తే రెండో పక్క పారాథైరాయిడ్లు క్షేమంగా ఉంటాయి కాబట్టి కాల్షియం బాధ దాదాపు ఉండదు, జీవితాంతం థైరాయిడ్ మాత్ర అవసరం కూడా కొందరికి పడదు. మొత్తం తీస్తే రెండిటికీ సిద్ధపడాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి సర్జన్‌కి ముందే చెప్పాలి. సొంతంగా మానేయకూడదు, చెప్పకుండా వాడకూడదు.

మెడ ఉబ్బితే ఆగొద్దు

అన్నిటికన్నా ప్రమాదం కోసిన చోట లోపల రక్తం కారి గడ్డకట్టడం. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లో, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో వస్తుంది కాబట్టి చాలామందికి ఆసుపత్రిలో ఉండగానే బయటపడుతుంది. అరుదుగా ఇంటికొచ్చాక కూడా రావచ్చు. మెడ చూస్తుండగానే ఉబ్బడం, బిగుసుకుపోయినట్టు అనిపించడం, ఊపిరి అందకపోవడం, గాలి పీల్చేటప్పుడు ఈలలాంటి శబ్దం, ఉమ్ము కూడా మింగలేకపోవడం దీని లక్షణాలు. గాలిగొట్టం నొక్కుకుపోతుంది కాబట్టి ఇక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. మనిషిని పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టండి. నీళ్లు తాగించొద్దు. 108కి ఫోన్ చేసి, ‘థైరాయిడ్ ఆపరేషన్ అయింది, మెడ ఉబ్బుతోంది’ అని ముందు ఆ మాట చెప్పండి. ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిలో సర్జన్‌కి ఫోన్ చేయండి.

కోత చుట్టూ కొంచెం గట్టిదనం, కమిలిన రంగు, స్వల్పంగా వాపు మామూలే. అవి నెమ్మదిగా తగ్గుతాయి. తేడా తెలియడానికి డిశ్చార్జి అయిన రోజే మెడ ఫోటో ఒకటి తీసి పెట్టుకోండి, పూటపూటకీ దానితో పోల్చి చూడవచ్చు. ఊరు ఆసుపత్రికి దూరమైతే డిశ్చార్జి అయ్యాక మొదటి రెండు రాత్రులు పట్నంలోనే బంధువుల ఇంట్లో ఉండటం మంచిది. నా మాటగా చెప్పాలంటే, మొహమాటపడి ఆ రాత్రే వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లిపోవడం అస్సలు వద్దు.

తల కింద రెండు దిళ్లు పెట్టుకుని కాస్త ఎత్తుగా పడుకుంటే వాపు త్వరగా తీస్తుంది. ముక్కడం, గట్టిగా దగ్గడం మెడ మీద ఒత్తిడి పెంచుతాయి. నొప్పి మాత్రల్లో కొన్ని మలబద్ధకం చేస్తాయి కాబట్టి నీళ్లు, పళ్లు తగ్గించొద్దు. నీళ్ల బిందె, బియ్యం బస్తా, చంటిపిల్లని ఎత్తుకోవడం రెండు వారాలైనా ఆగాలి.

పెదాల చుట్టూ చిమచిమలు

గ్రంథి మొత్తం తీసినప్పుడు పారాథైరాయిడ్లు చెక్కుచెదరకున్నా, రక్తప్రసారం తగ్గి కొన్నాళ్లు మొద్దుబారిపోవచ్చు. అప్పుడు రక్తంలో కాల్షియం పడిపోతుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు అది బాగా కిందికి దిగుతుంది, అంటే సరిగ్గా మనం ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునే సమయానికి.

ఇది మొదట చాలా చిన్నగా మొదలవుతుంది. మా వదిన మూడో రోజు సాయంత్రం ఊసుపోక మల్లెపూలు కడుతూ కూర్చుంది. ఎంతసేపటికీ దారం ముడి పడలేదు. వేళ్ల కొసలు మొద్దుబారినట్టున్నాయంది. పెదాలు ఎలా ఉన్నాయని అడిగితే, చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది, మత్తు మందు వల్లనేమో అంది. ఫోన్ చేస్తే డాక్టర్ అప్పటికప్పుడు కాల్షియం మాత్రలు పెంచి, పొద్దున్నే రక్తపరీక్ష చేయించమన్నారు. మాత్ర వేసుకున్న కాసేపటికి చిమచిమలు తగ్గాయి, రాత్రి హాయిగా నిద్రపోయింది. ఆ ముడి పడకపోవడాన్ని ‘నీరసం’ అని వదిలేసి ఉంటే అర్ధరాత్రి పరుగెత్తాల్సి వచ్చేది.

కాబట్టి పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో, అరికాళ్లలో తిమ్మిరి అంటే టెన్షన్ అనీ, వేడి చేసిందనీ తోసేయకండి. వెంటనే ఫోన్ చేయండి. వేళ్లు కొంకర్లు పోయి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయినా, పిక్కలు పట్టేసినా, గొంతు బిగుసుకున్నట్టు అనిపించినా, ఫిట్స్ వచ్చినా ఫోన్లో సలహా కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు కాల్షియం నరంలోకి ఎక్కించాల్సి వస్తుంది.

రాగిజావ, పాలు, నువ్వులు మంచివే. కానీ పారాథైరాయిడ్లు పనిచేయనప్పుడు తిండిలోని కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. అందుకే కాల్షియం మాత్రతో పాటు కాల్సిట్రియాల్ అనే విటమిన్ డి రకం కూడా రాస్తారు. జావ తాగుతున్నాం కదా అని మాత్ర మానేయకూడదు. కాల్షియం కార్బొనేట్ రకం తిన్న తర్వాత వేసుకుంటేనే బాగా పడుతుంది. రోజూ గ్యాస్ మాత్ర వాడేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. కడుపులో ఆమ్లం తగ్గితే కార్బొనేట్ సరిగా కరగదు, వాళ్లకి సిట్రేట్ రకం ఇస్తారు. చాలామందికి వారాల్లో, కొందరికి నెలల్లో పారాథైరాయిడ్లు కోలుకుంటాయి. అప్పుడు పరీక్ష చూసి డాక్టరే మెల్లగా మాత్రలు తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తే తిమ్మిర్లు తిరగబెడతాయి, అడగకుండా ఏళ్లతరబడి వాడితే కిడ్నీలో రాళ్లకి దారి.

పథ్యం, పరామర్శ

ఆపరేషన్ అయిన ఇంట్లో పప్పు బందైపోతుంది, చీము పడుతుందని. పెరుగు వద్దంటారు, వంకాయ వద్దంటారు, చివరికి చారన్నం మిగులుతుంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, అందులో సందేహం లేదు. కానీ పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప మానేస్తే మానడం ఆలస్యమవుతుంది. చీము పట్టేది క్రిములు చేరడం వల్ల, పప్పు వల్ల కాదు. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేస్తారు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు మింగుతుంటే మంట, నొప్పి ఉంటాయి. మెత్తటి ముద్దపప్పు అన్నం, పెరుగన్నం, ఇడ్లీ, గోరువెచ్చటి జావ సులువుగా దిగుతాయి. కారం ఘాటుకి దగ్గు వస్తుంది, అందుకే కొన్నాళ్లు తగ్గించడం. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానాలా అని చాలామంది అడుగుతారు. అవి గ్రంథి పనిని అడ్డుకుంటాయన్నది ఆ భయం. గ్రంథి మొత్తం తీసేశాక ఇక అడ్డుకోవడానికేముంది, తినండి.

గొంతు బొంగురుపోవడం, త్వరగా అలసిపోవడం, గట్టిగా పిలవలేకపోవడం కొన్నాళ్లు ఉంటాయి. నీళ్లు తాగుతుంటే పొలమారితే గడ్డం కిందికి వంచి చిన్న గుక్కలుగా తాగాలి. రెండు మూడు వారాలైనా గొంతు సర్దుకోకపోతే ఈఎన్‌టీ డాక్టర్ స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో చూడాలి. నరం లాగుడుకి మొద్దుబారితే కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా గొంతుకి నేర్పే వ్యాయామాలు బాగా పనిచేస్తాయి. టీచర్లు, పాటలు పాడేవాళ్లు, సంతలో అరిచి అమ్ముకునేవాళ్లు ఈ చూపించుకోవడంలో ఆలస్యం చేయకూడదు.

గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు. అది మరీ శ్రమ. మెల్లగా, మామూలు గొంతుతో, తక్కువ మాట్లాడాలి. ఇక్కడే పరామర్శకి వచ్చేవాళ్ల బెడద. ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ కథ మొదటినుంచి చెప్పాల్సిందే. ఆ కథ చెప్పే పని ఇంట్లో ఇంకొకరు తీసుకోండి. దగ్గు, జలుబు ఉన్న బంధువుల్ని ఇంకో వారం ఆగి రమ్మనడంలో తప్పు లేదు.

కోత, గొలుసు, హెల్మెట్

గాయం మీద పసుపు, కొబ్బరినూనె, పౌడర్ ఏవీ వద్దు. మీకు కుట్లు వేశారా, లోపల కరిగిపోయే దారమా, జిగురా అన్నదాన్ని బట్టి స్నానం ఎప్పుడన్నది సర్జన్ చెబుతారు. తడిస్తే రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దండి. ఎర్రబడి వేడిగా ఉండటం, చీము, జ్వరం ఉంటే చూపించాలి.

పుస్తెలతాడు, గొలుసు, నల్లపూసలు సరిగ్గా కోత మీదే రాసుకుంటాయి. బంగారం తీసినప్పుడు కట్టుకునే పసుపుతాడు స్నానంలో తడిసి గాయాన్ని ఇంకా ఎక్కువ ఒరుస్తుంది. మెడ ఖాళీగా ఉంచడానికి మనసొప్పనివాళ్లు గాయం మానేదాకా చేతికి కట్టుకోవచ్చు. ఈ మాట అత్తగారి చెవిన ఆపరేషన్‌కి ముందే వేసి ఉంచితే మంచిది.

మెడ కదిలిస్తే కుట్లు తెగుతాయన్న భయంతో కొందరు కొయ్యలా బిగబట్టుకుని ఉంటారు, దాంతో భుజాలు పట్టేస్తాయి. సర్జన్ సరేనన్నాక మెడ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతుండాలి. తల తిప్పి వెనక వచ్చే బండిని నొప్పి లేకుండా చూడగలిగేదాకా బండి నడపొద్దు. హెల్మెట్ పట్టీ కోత మీదే బిగుస్తుంది, పట్టీ లేకుండా ఎక్కడం అంతకన్నా ప్రమాదం, కాబట్టి అప్పటిదాకా ఆటోనే మేలు. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గురించి డాక్టర్‌ని అడగండి. ఏడాదిపాటు ఎండ తగలకుండా చున్నీయో, కొంగో కప్పుకుంటే మచ్చ నల్లబడదు.

పరగడుపు మాత్ర

స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోచర్ ఈ ఆపరేషన్‌ని ప్రాణాపాయం లేకుండా చేయడం నేర్పినవాడు, అందుకే 1909లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. గ్రంథి మొత్తం తీసేసిన తన పేషెంట్లు తర్వాత ఒళ్లు ఉబ్బి, మందకొడిగా అయిపోవడం చూసి 1883లోనే ఆ సంగతి ప్రకటించాడు. అప్పటికి మాత్ర లేదు. ఇప్పుడు గ్రంథి తయారుచేసే హార్మోన్‌కి బదులుగా వేసుకునే లీవోథైరాక్సిన్ మాత్ర ఉంది, రోజుకొకటి, అంతే తేడా.

మొత్తం తీసినవాళ్లకి మామూలుగా కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదలుపెడతారు. వయసు, గుండె సంగతి చూసి మారుస్తారు. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే రెండూ కడుపులో ముడిపడి థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. ఆరింటికి ఇది, ఏడింటికి కాఫీ, పదిన్నరకి ఏదైనా తిని మొదటి కాల్షియం, ఇలా పెట్టుకుంటే కుదురుతుంది. మొదటి రోజుల్లో చిమచిమలు వస్తే మాత్రం ఈ ఎడం కోసం కాల్షియం ఆపొద్దు.

ఈ థైరాయిడ్ మాత్ర థైరోనార్మ్ అయినా, ఎల్ట్రాక్సిన్ అయినా ఒకటే కంపెనీది వాడండి. షాపులో బాటిల్ మీద అంకె ప్రతిసారీ చదవండి, 25కీ 125కీ పొరపాటు పడటం తేలిక. స్టవ్ పక్కన, కిటికీలో ఎండ తగిలేచోట పెట్టకండి. ఒకరోజు మరిచిపోతే కంగారు లేదు, ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందుకే డోసు సరిపోయిందో లేదో టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షలో ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ తెలియదు. పరీక్షకి వెళ్లే పొద్దున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపాలి, అది పరీక్ష అంకెల్ని తారుమారు చేస్తుంది.

క్యాన్సర్ కోసం తీసినవాళ్లలో కొందరికి తర్వాత, మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్ని చంపే రేడియో అయోడిన్ అనే మందు ఇస్తారు. దానికి ముందు థైరాయిడ్ మాత్ర కొన్ని వారాలు ఆపవచ్చు, అప్పుడు నీరసం, ఒళ్లు నొప్పులు సహజం. ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి తినాలి. అయోడిన్ ఉప్పుతో పెట్టిన ఆవకాయ, అప్పడాలు, వడియాలు, బయట టిఫిన్లు, సముద్రపు చేపలు, ఎండుచేపలు అన్నీ బంద్. కల్లుప్పులో అయోడిన్ ఉండదనుకోవద్దు, ప్యాకెట్ చదవండి. పాలిచ్చే తల్లులు ఈ మందుకి చాలా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. మందు తీసుకున్నాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా గర్భం వద్దంటారు.

మాత్ర మీద ఉన్నవాళ్లు గర్భం ఆలోచన ఉన్నప్పుడే టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకి థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి, కాబట్టి డోసు వెంటనే పెంచుతారు. తర్వాత ప్రసవం దాకా దాదాపు నెలనెలా పరీక్ష ఉంటుంది, ప్రసవం కాగానే మళ్లీ పాత డోసుకి తగ్గిస్తారు.