స్లో కుక్కర్‌లో బీన్స్ సూప్: గింజ ఉడక్కపోయినా, పలచబడినా, చప్పగా వచ్చినా ఏం చేయాలి?

సూప్ బాగా రాకపోతే ముందు కుక్కర్‌నే అనుమానిస్తాం. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. స్లో కుక్కర్ గింజల్ని మెల్లగా మగ్గిస్తుంది, అంతే. కళపెళా మరిగించడం, ఎర్రగా వేయించడం, నీళ్లు ఇగర్చడం దానివల్ల కావు. ఆ మూడూ మన పనులు. కింద రాసిన సమస్యల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

సూప్ తాగిన కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. పచ్చివి కానీ సరిగా ఉడకనివి కానీ నాలుగైదు గింజలు కడుపులోకి వెళ్తే చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం మొదలై వాంతులు పట్టుకుంటాయి. స్లో కుక్కర్‌లో వండింది ఒక్కోసారి 75 డిగ్రీల సెల్సియస్ కూడా దాటదు. ఆ వేడికి విషం పోదు సరికదా, 80 డిగ్రీల దగ్గర ఉడికితే పచ్చి గింజలో కంటే ఐదు రెట్ల దాకా పెరగొచ్చు. గింజ మెత్తబడింది కదా అని ధైర్యపడకండి. మెత్తబడినంత మాత్రాన విషం పోయినట్టు కాదు.

రాజ్మాను కనీసం 5 గంటలు నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టండి. నీళ్లు కళపెళా మరగడం మొదలయ్యాకే టైమ్ లెక్కపెట్టండి. 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలకు విషం నశిస్తుంది. అయినా అమెరికా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌డీఏ అరగంట మరిగించమంటుంది, నా మాటా అదే. తెల్ల రాజ్మాలో ఈ విషం తక్కువే కానీ ఉంటుంది, దానికీ ఇదే పద్ధతి. డబ్బాల్లో వచ్చే బీన్స్ ముందే పూర్తిగా ఉడికినవి కాబట్టి వాటితో ఈ భయం లేదు.

ఇప్పటికే వాంతులు మొదలైతే మిగిలిన సూప్ పారబోయండి. కొద్దికొద్దిగా నీళ్లు తాగిస్తూ ఉండండి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఎనిమిది గంటలైనా గింజ గట్టిగానే ఉంది

ముందు ఒక గింజ తీసి కొరికి చూడండి. పైన మెత్తగా ఉండి మధ్యలో పిండిపిండిగా తగిలితే ఇంకాస్త టైమ్ చాలు. స్పూన్‌లోకి నాలుగు గింజలు తీసుకుని ఊదితే పొట్టు చిట్లి పైకి లేస్తుంది కదా, అప్పుడు ఉడుకు దాదాపు పూర్తయినట్టు. తోలు గట్టిగా సాగుతూ, గింజ పళ్ల కింద విరుగుతుంటే మాత్రం కారణం వెతకాలి.

మొదట అనుమానించాల్సింది టమాటాని. టమాటా, నిమ్మరసం, వెనిగర్ ఏదైనా సరే, పులుపు తగిలితే గింజలోని పెక్టిన్ (గింజ కణాల్ని జిగురులా అంటిపెట్టి ఉంచే పదార్థం) కరగదు, గింజ బిగుసుకుపోతుంది. అందుకే పులుపు ఎప్పుడూ గింజ మెత్తబడ్డాకే. ముందే వేసేసి ఉంటే ఆ కుక్కర్‌తో కుస్తీ పట్టకండి. మొత్తం స్టవ్ మీదకు మార్చి, సన్నగా మరిగిస్తూ ఓపిక పట్టండి.

రెండో కారణం కఠిన జలం, అంటే కాల్షియం ఎక్కువగా ఉన్న నీళ్లు. కాల్షియం కూడా పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి. లేదా మరిగించేటప్పుడు అర కిలో గింజలకు పావు టీస్పూన్ వంటసోడా వేయండి. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది.

మూడోది గింజల వయసు. వేడి, తేమ ఉన్నచోట చాలాకాలం నిల్వ ఉన్నవి ఎంత నానబెట్టినా సరిగా ఉడకవు. అలాంటివి వదిలేసి కొత్తవి కొనుక్కోవడమే నయం.

ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదని చాలామంది నమ్ముతారు. నిజానికి లీటరు నీళ్లకు 15 గ్రాముల ఉప్పు కలిపి నానబెడితే పొట్టు మెత్తబడుతుంది, గింజ లోపలికీ రుచి ఎక్కుతుంది. పాపం, ఉప్పు మీద ఈ నింద అన్యాయం.

ఇంకొకటి, మాటిమాటికీ మూత తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది.

నీళ్లు నీళ్లుగా ఉంది

మూత వేసి ఉండే స్లో కుక్కర్‌లో ఆవిరి పెద్దగా బయటికి పోదు, పోసిన నీళ్లు దాదాపు అలాగే మిగులుతాయి. స్టవ్ మీద వంటకు పోసే కొలత ఇక్కడ ఎక్కువైపోతుంది. గింజల పైన రెండు అంగుళాల ఎత్తు నీళ్లతో మొదలుపెట్టండి, తర్వాత కావాలంటే వేడినీళ్లు కలపొచ్చు. ఇప్పటికే పలచబడితే రెండు కప్పుల గింజలు తీసి మెత్తగా మెదిపి మళ్లీ కలిపేయండి. మొక్కజొన్న పిండి కంటే ఇదే మేలు. చిక్కదనంతో పాటు గింజ రుచి కూడా పెరుగుతుంది.

చిక్కగానే ఉంది కానీ చప్పగా ఉంది

పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి నేరుగా వేశారేమో చూడండి. నీళ్లలో వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి అవి ఎన్ని గంటలున్నా ఎర్రబడవు. వాటినీ మసాలా దినుసులనూ ముందే నూనెలో వేయించి వేయాలి. ఆ పని జరగకపోతే చివర్లో చిన్న గిన్నెలో వేయించి కలపండి. తర్వాత ఉప్పు సరిచూసి, దించే ముందు కాస్త నిమ్మరసం పిండండి. ఎక్కువసార్లు లోటు ఉప్పులో కాదు, ఈ పులుపులోనే ఉంటుంది.

ఇంకొన్ని చిన్న చిక్కులు

క్యారెట్, బంగాళాదుంప పచ్చిగా మిగిలితే వచ్చేసారి చిన్న ముక్కలు కోసి అడుగున వేయండి, వేడి బాగా తగిలేది అక్కడే. పాలు, క్రీమ్ విరిగితే చాలా ముందుగా పోసినట్టు, ఆఖరి పావుగంటలో చాలు. డబ్బా బీన్స్ ముద్దైపోతుంటే వాటినీ చివరి గంటలోనే వేయాలి.

మిగిలిన సూప్‌ను ఆ కుండలోనే వదిలేయకండి. వెడల్పు గిన్నెల్లోకి తీసి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ వేడిచేయడం మాత్రం స్టవ్ మీదే, బాగా పొంగొచ్చేదాకా.