బెజవాడకి కొత్తగా వచ్చారా? ఈ ఊళ్ళో ఇమిడిపోవాలంటే ఏం చెయ్యాలో చెప్తా

ట్రాన్స్‌ఫర్ అయ్యో, పిల్లల చదువులకో, అమరావతి పనుల మీదో ఈ మధ్య బెజవాడకి బయటి నుంచి వచ్చేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. మాది సత్యనారాయణపురం, కింద మేం ఉంటాం, పై పోర్షన్ అద్దెకిస్తాం, అందులో అనంతపురం వాళ్ళు దిగారు, శ్రీకాకుళం వాళ్ళు దిగారు, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు, ఒడియా మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు. కొంతమంది ఆర్నెల్లు తిరక్కుండానే ఈ వీధిలోనే పుట్టారా అన్నట్టు తయారయ్యారు, ఇంకొంతమంది ఏళ్ళ తరబడి ఉండి కూడా వెళ్ళేరోజున పాలవాడు తప్ప ఇంకెవరూ అడగలేదు. తేడా ఏంటా అంటే నాకు కనపడింది ఇదీ, మొదటివాళ్ళు ఊరంతా చుట్టబెట్టలేదు, రెండు మూడు చోట్ల మాత్రం రోజూ కనపడ్డారు, ఎవరేం అడిగినా మొహం ముడుచుకోలేదు, అంతే. మిగతాదంతా ఈ రెండిటి చుట్టూనే చెప్తా.

ముందు ఇల్లు. ఆన్‌లైన్లో ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపకండి బాబూ. మీకు ఏ ఏరియా కావాలో అనుకుని సాయంత్రం పూట ఆ వీధుల్లో నడవండి, గేటుకి కట్టిన టు-లెట్ బోర్డులు ఇప్పటికీ చాలా కనపడతాయి, బోర్డు లేకపోయినా ఇస్త్రీ బండి ఆయన్నో కిరాణా కొట్టాయన్నో అడిగితే ఏ ఇల్లు ఖాళీ అవుతోందో ఓనర్ కన్నా ముందే చెప్తారు. ఆషాఢంలో వెతికితే మంచిది, శూన్యమాసం అని మావాళ్ళెవరూ ఇళ్ళు మారరు, ఖాళీ పోర్షన్ పెట్టుకుని కూర్చున్న ఓనర్ ఆ నెలలో అద్దె దగ్గర కాస్త దిగుతాడు, ఓనర్‌ని కాబట్టి చెప్తున్నా, నిజం.

ఇంకోటి, పై అంతస్తు అద్దె తక్కువ కదా అని ఎగబడకండి. ఇది చుట్టూ కొండలున్న ఊరు, బ్లేజ్‌వాడ అని పేరు ఊరికే రాలేదు, పగలంతా కాలిన బండరాయి రాత్రి పది దాటినా సెగ కొడుతూనే ఉంటుంది. రోహిణీ కార్తెలో పడమటి గోడ ఉన్న టాప్ ఫ్లోర్‌లో పడుకుంటే మిగిలిన అద్దె మొత్తం ఏసీ కరెంట్ బిల్లుకే పోతుంది. మీటర్ వేరేగా ఉందా, మోటర్ బిల్లు ఎవరు కడతారు అనేవి సామాన్లు దించకముందే తేల్చుకోండి.

నీళ్ళ సంగతి మాత్రం కచ్చితంగా అడగాలి. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, అదే టైములో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఆ ఏరియాల్లో ఉండొద్దని నేను అనట్లేదు, లక్షల మంది అక్కడే ఉంటున్నారు, అద్దెలూ తక్కువే. కానీ ఓనర్ని కాకుండా పక్కింటివాళ్ళని "అప్పుడు ఇక్కడిదాకా వచ్చినయ్యండీ నీళ్ళు?" అని అడగండి, వాళ్ళే చెయ్యి పైకెత్తి గోడ మీద చూపిస్తారు. కింద పోర్షనా పై పోర్షనా, బండి ఎక్కడ పెట్టాలి అనేది ఆ చెయ్యిని బట్టి డిసైడ్ చేసుకోవచ్చు. పైగా ఆ ఒక్క ప్రశ్నకి అరగంట మాటలు నడుస్తాయి, పడవలు, పైనుంచి వదిలిన భోజనం పొట్లాలు, తడిసిన సర్టిఫికెట్లు, అన్నీ చెప్తారు, మీరు వింటే చాలు, మర్నాటి నుంచి ఆ వీధిలో మీరు తెలిసిన మనిషే.

ఇప్పుడు అసలు కష్టమైంది, ప్రశ్నలు. ఇక్కడ జనం మొదటి ఐదు నిమిషాల్లోనే మీదేవూరండీ, ఏం చేస్తారు, మేడమ్ గారు కూడా ఉద్యోగమేనా, పిల్లలెంతమంది, ఏ స్కూలు, సొంతిల్లుందా అని వరసపెట్టి అడుగుతారు, కొంతమందైతే జీతం కూడా. పెద్ద సిటీల నుంచి వచ్చినవాళ్ళకి ఇది ఒళ్ళు మండే వ్యవహారం, మా పైన ఉన్న ఒకమ్మాయి మొదటి నెలంతా మెట్లు దిగేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దిగేది, పాటలేం ఉండేవి కాదంట, ఊరికే తీగలు. కానీ ఇక్కడ ఆరా తియ్యడమంటే సగం పలకరింపే, అన్నిటికీ నిజం చెప్పక్కర్లేదు, ఒకదానికి చెప్పి వెంటనే మీరూ ఓ ప్రశ్న వెయ్యండి, "మీ అబ్బాయి ఎక్కడుంటాడండీ?" అన్నారంటే ఇంక మీ జీతం సంగతి ఎవరికీ గుర్తుండదు, అమెరికాలో ఉన్న మనవరాలి ఫొటోల దాకా వెళ్ళిపోతారు.

అందులో ఓ ప్రశ్న మాత్రం వేరు. ఇంటిపేరేంటి అని, మీరెవరండీ అని, మనవాళ్ళేనా అని తిప్పితిప్పి అడిగేది కులం గురించే. దీన్ని కప్పిపుచ్చి చెప్పడం నాకిష్టం లేదు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఇక్కడ ఇప్పటికీ అడుగుతారు, నీచు తింటారా అని అడిగేదీ చాలాసార్లు అదే ప్రశ్న. మీరు చెప్పాల్సిన అవసరం లేదు, నవ్వి ఊరుకోండి, పట్టుబట్టి అడిగితే ఆ ఇల్లొద్దు. ఓనర్ కిందే ఉండే ఇళ్ళ కన్నా ఓనర్ ఎక్కడో హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న ఫ్లాట్లలో ఈ గోల తక్కువ. ఆఫీసులో కూడా మొదటి కొన్నాళ్ళు మూడిటి జోలికి వెళ్ళొద్దు, పార్టీ, కులం, హీరో. ఈ మూడూ ఇక్కడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, మీరు సినిమా గురించే మాట్లాడుతున్నా అనుకుంటారు, ఎదుటివాడు ఇంకేదో వింటాడు.

మాట దగ్గర పెద్దగా కష్టపడక్కర్లేదు. మీ యాస మీరు మాట్లాడండి, ఎవడో నవ్వాడని బలవంతంగా మాలాగా సాగదీయకండి, ఇంకా నవ్వుతారు. కాకపోతే మా వైపు అండీ, గారు ఎంత వాడితే అంత మంచిది, షాపులో చిన్న కుర్రాడితో కూడా "ఏవండీ, ఇది ఎంతండీ" అంటే పోయేదేం లేదు. ఆటో ఆయన అయితే వయసుని బట్టి అన్నా, బాబాయ్. ఓనర్లని అంకుల్ గారు, ఆంటీ గారు, లేదంటే బాబాయి గారు, పిన్ని గారు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం మొహాలు మారిపోతాయి.

దారులు నేర్చుకోవడానికి మ్యాపుని నమ్ముకుంటే సగమే పని అవుతుంది. కాగితాల మీద మహాత్మాగాంధీ రోడ్డు అని ఉంటుంది, నోటితో అది బందరు రోడ్డు. కారల్ మార్క్స్ రోడ్డంటే ఏ ఆటోవాలాకీ తెలీదు, ఏలూరు రోడ్డనండి. ఏ రోడ్డు ఏ ఊరికి పోతే ఆ పేరే, సింపుల్. ఆ తర్వాత ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, ఈ మూడూ ఊరిని ఎక్కడ కోస్తున్నాయో గుర్తు పెట్టుకుంటే ఎక్కడ వంతెన దాటాలో తెలిసిపోతుంది. మిగతాదంతా సెంటర్లే, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగ్, అలంకార్ సెంటర్, విజయా టాకీస్ సెంటర్, సినిమా హాలు ఉన్నా లేకపోయినా పేరు మాత్రం పోదు. అడ్రస్ చెప్పేటప్పుడు డోర్ నంబర్ ఎవరికీ వద్దు, ఏ సెంటర్ దగ్గర, ఏ గుడి ఎదురు, అది చెప్పండి. గుంటూరు బ్రాడీపేట వాళ్ళు మాత్రం ఇంటికి నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు అని లెక్క చెప్తారు, అది చూసి మాకు కాస్త కుళ్ళే.

బట్టలు, చిన్నా చితకా షాపింగ్‌కి బీసెంట్ రోడ్డు. పెళ్ళికో ఫంక్షన్‌కో మొత్తంగా కొనాలంటే వన్ టౌన్. కూరగాయలకి పటమట రైతు బజార్ లాంటిది దగ్గర్లో ఏముందో చూసుకోండి, పొద్దున్నే వెళ్ళాలి.

రోజూ కనపడాలి అన్నాను కదా, దానికి నా ఓటు కర్రీ పాయింట్‌కే. బయట ఊళ్ళవాళ్ళకి అర్థం కాదు గానీ ఇక్కడ ఇంట్లో అన్నం ఒక్కటే వండుకుని కూరలు బయట తెచ్చుకోవడం ఏం తప్పు కాదు, డబ్బున్నవాళ్ళూ చేస్తారు, ఉద్యోగాలు చేసే ఇళ్ళన్నీ చేస్తాయి. పొద్దున పదకొండున్నర నుంచి స్టీలు గిన్నెలు వరసగా పెడతారు, పప్పు, ఒక వేపుడు, ఒక ఇగురు, సాంబారు, రసం, రోటి పచ్చడి. ఆయన గరిటెతో కవర్లోకి పోసి, గాలి కాస్త ఉంచి మెడ దగ్గర మెలితిప్పి, దారం పంటికిందో వేలికిందో పట్టుకుని గిర్రున తిప్పుతాడు, ముడి వెయ్యడు, అయినా సాంబారు చుక్క కారదు, ఇంటికెళ్ళి ఆ దారం కొస ఎక్కడుందో వెతుక్కునేది మనమే, చివరికి కత్తెరే దిక్కు. ఒంటిగంట దాటితే పప్పు అయిపోతుంది. కాబట్టి రోజూ ఒకే కొట్టుకి ఒకే టైముకి వెళ్ళండి, వీలైతే మీ టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్ళండి, కవర్లలో వేడి సాంబారు అంత మంచిది కాదు, పైగా క్యారియర్ తెచ్చినవాళ్ళకి గరిటె కాస్త పెద్దగా పడుతుంది. కొన్నాళ్ళకి మీకు గోంగూర పప్పు తీసి పక్కన పెట్టడం మొదలవుతుంది, అక్కడే క్యూలో మీ పక్క వీధి వాళ్ళు పరిచయమవుతారు, పనిమనిషి, ట్యూషన్ మాస్టారు, ఎలక్ట్రీషియన్, అన్నీ ఆ క్యూలోనే దొరుకుతాయి. సాయంత్రం పునుగుల బండి దగ్గర కూడా అంతే, యాప్‌లో ఆర్డర్ పెట్టుకుంటే పునుగులొస్తాయి గానీ మనుషులు రారు. కారం ఎక్కువైతే తక్కువ వెయ్యమని చెప్పండి, ఏం అనుకోరు, కానీ ఆయన తక్కువ అనుకునేది మీకు ఎక్కువే, మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

పైన చెప్పిన అనంతపురం వాళ్ళు దిగిన కొత్తలో మా అమ్మ ఓ గిన్నెలో ఉలవచారు పంపింది. ఆ గిన్నె రెండ్రోజులు రాలేదు, వచ్చినప్పుడు దాంట్లో ఓళిగలున్నాయి, అంటే మన బొబ్బట్లే. మా అమ్మ ఆ తర్వాత వాళ్ళ గురించి ఒక్క మాట పడనిచ్చేది కాదు. ఇక్కడ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు, ఏం లేకపోతే రెండు అరటిపళ్ళైనా పెట్టివ్వండి.

పండగలకి పిలిస్తే వెళ్ళండి. ఆడవాళ్ళకి శ్రావణ శుక్రవారం పేరంటాలు అన్నిటికన్నా స్పీడు, పసుపు కుంకుమ, నానబెట్టిన శనగలు, ఒక గంట కూర్చుంటే వీధిలో సగం ఇళ్ళు తెలిసిపోతాయి. వినాయక చవితికి కుర్రాళ్ళు చందా రసీదు పుస్తకంతో వస్తారు, ఇచ్చేసి ఊరుకోకుండా సాయంత్రం పందిరి దగ్గర కాసేపు నిలబడండి. కార్తీక మాసం వనభోజనాలు మాత్రం చాలావరకు కులాల వారీగా నడుస్తాయి, అపార్ట్‌మెంట్ వాళ్ళో ఆఫీసు వాళ్ళో పెట్టుకునేవాటికి వెళ్ళండి, అవి బావుంటాయి. దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు కొండ మీద అమ్మవారి దర్శనానికి కొత్తవాళ్ళు ప్లాన్ చెయ్యకపోవడం మంచిది, ఆ రోజు మేమే వెళ్ళం, మామూలు రోజు తెల్లారి వెళ్తే ప్రశాంతంగా అవుతుంది. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి మతంతో పని లేకుండా జనం వెళ్తారు, ఆ మూడు రోజులు ఏలూరు రోడ్డు వైపు పని పెట్టుకోకండి. పుస్తకాల పిచ్చి ఉంటే జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఉంటుంది, మన బాపతు మనుషులు అక్కడ దొరుకుతారు. సంక్రాంతికి సిటీ సగం ఖాళీ, అందరూ పల్లెలకి పోతారు, కర్రీ పాయింట్లు కూడా మూసేస్తారు, "మా ఊరు రండి" అని ఎవరైనా అంటే మొహమాటపడకుండా బండెక్కెయ్యండి.

కాగితాల పని చాలామంది వాయిదా వేస్తారు, అది తప్పు. ఆధార్‌లో అడ్రస్ ముందు మార్పించుకోండి, ఎందుకంటే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ బస్సులు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ, కానీ ఈ రాష్ట్రం అడ్రస్ ఉన్న కార్డు చూపించాలి, పాత అడ్రస్‌తో కండక్టర్‌తో వాదించి లాభం లేదు. ఓటు మార్చుకోవడానికి ఫారం 8. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే పాత ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకుని ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించాలి, ఈలోపు ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు బండిలోనే ఉంచండి. మీ వార్డు సచివాలయం ఎక్కడుందో ఓసారి చూసిరండి, చాలా సర్టిఫికెట్లకి అక్కడికే వెళ్ళాలి.

చివరగా ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. ఈ ఊళ్ళో ఇల్లు తీసుకున్నారంటే మీ చుట్టాలందరికీ అది మజిలీ అయిపోతుంది, అటు వెళ్ళినా ఇటు వెళ్ళినా రైలు బెజవాడ మీదుగానే కదా, దిగి అమ్మవారి దర్శనం చేసుకుని మీ ఇంట్లో భోంచేసి రాత్రి బండికి ఎక్కుతారు. 2028లో కృష్ణా పుష్కరాలు కూడా ఉన్నాయి, 2016లో మా ఇంట్లో హాల్లో, వరండాలో, డాబా మీద కూడా పడుకున్నారు. కాబట్టి పరుపులు కొనేటప్పుడే రెండు ఎక్కువ కొనండి, నీళ్ళ టిన్నులాయన నంబర్ ఫోన్లో సేవ్ చేసుకోండి.