పాత బ్యాండ్‌సా చక్రాలకు కొత్త రబ్బరు టైర్లు వేసుకునే విధానం

రెండు చక్రాల మీద తిరిగే పట్టీలాంటి బ్లేడుతో చెక్క కోసే పాత బ్యాండ్‌సా మీద కోత గీత వెంట నడవకుండా పక్కకు లాగుతుంటే ముందుగా బ్లేడును, తర్వాత బ్లేడు పక్కకు ఒరగకుండా ఆపే గైడ్లను అనుమానిస్తాము. చక్రాల మీది టైర్లు గుర్తుకు వచ్చేది చివరికి. బ్లేడు జారకుండా పట్టు ఇచ్చేదీ, ఎడమకూ కుడికీ వంచిన పళ్ల సెట్టు చక్రపు ఇనుముకు ఒరుసుకుని చెడకుండా కాపాడేదీ ఆ పలుచని రబ్బరే. మొద్దులను చీల్చే పెద్ద సామిల్లు యంత్రాల్లో బ్లేడు సాధారణంగా ఇనుప చక్రం మీదే నడుస్తుంది కాబట్టి, ఇక్కడ చెప్పేది వడ్రంగి షెడ్లలో ఉండే చిన్న యంత్రాల గురించి మాత్రమే.

వేడి, గాలిలోని ఓజోన్ సోకి రబ్బరు ఏ ఊళ్లోనైనా గట్టిపడి పగులుతుంది. విశాఖపట్నంలో దీనికి తోడు ఉప్పు గాలి ఉంది: తలుపులు సముద్రం వైపు తెరుచుకునే షెడ్డులో పోత ఇనుప చక్రం అంచు తుప్పు పట్టి, ఆ తుప్పు పొర రబ్బరు కిందికి పాకి జిగురును విడగొడుతుంది. పైకి బాగానే కనిపించే టైరు కూడా లోపల ఊడి ఉండవచ్చు. గోటితో నొక్కినప్పుడు పడిన గుర్తు నెమ్మదిగా మాయం కావాలి. గోరు దిగకపోయినా, పగుళ్లు కనిపించినా, చక్రం పెట్టెలో నల్లటి పొడి రాలుతున్నా, ప్రతి చుట్టుకు ఒకసారి దబ్బుమని కుదుపు వినిపిస్తున్నా టైరు మార్చే సమయం వచ్చినట్టే. ఒకటి చెడితే రెండూ కలిపి మార్చడం మంచిది.

ప్లగ్గు పీకి, బిగువు వదిలించి, చేతులకు తొడుగులు వేసుకుని బ్లేడును తీయాలి. చక్రాలు విప్పేముందు వాటి వెనుక ఉన్న వాషర్లు ఎన్ని, ఏ చక్రానివి అన్నది రాసుకోవాలి. రెండు చక్రాలూ ఒకే తలంలో నిలవడానికి అవే ఆధారం. కొన్ని యంత్రాల్లో ఒక చక్రపు నట్టుకు ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకు ఎదురు దిశలో విప్పవలసినది. బలం ప్రయోగించే ముందు మర వాలును చూసుకోవాలి.

పనిలో సగానికి పైగా శ్రమ పాత రబ్బరు, జిగురు గీకడంలోనే ఉంది. కత్తితో టైరును అడ్డంగా కోసి ఊడదీసి, మిగిలిన జిగురును థిన్నరుతో నానబెట్టి మొద్దు ఉలితో గీకి, తుప్పును వైరు బ్రష్షుతో వదిలించి, మెరిసే ఇనుము కనిపించేదాకా తుడవాలి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఆవగింజంత జిగురు ముద్దను పట్టించుకోలేదు; కొత్త టైరు వేశాక అది ప్రతి చుట్టుకూ బ్లేడును ఎగరవేసింది, అంతా ఊడదీసి మళ్లీ చేయవలసి వచ్చింది.

ఆటోనగర్‌కు కొనడానికి వెళ్లేముందు చక్రపు వ్యాసం, అంచు వెడల్పు, పాత టైరు మందం కొలవాలి. 14 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 1,117 మిల్లీమీటర్లు. రబ్బరు టైరు దీనికన్నా సుమారు పదో వంతు పొట్టిగా ఉంటేనే బిగుతుగా కూర్చుంటుంది. యురెథేన్ (సాగే ప్లాస్టిక్) టైరుకు సాధారణంగా జిగురు అక్కరలేదు. వేడి నీటిలో నానబెట్టి మెత్తబడగానే ఎక్కించాలి. ఉప్పు గాలికి నా ఓటు దీనికే.

చక్రాన్ని బల్ల మీద బిగించి, టైరు ఒక వైపును క్లాంపుతో పట్టి ఉంచి, మిగతాది కొద్దికొద్దిగా సాగదీస్తూ ఎక్కించాలి. అసలు రహస్యం ఆ తర్వాతి పనిలో ఉంది. ఎక్కించేటప్పుడు రబ్బరు ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ సాగుతుంది కాబట్టి, గుండ్రటి నున్నని కడ్డీని టైరు కింద దూర్చి చక్రం చుట్టూ నాలుగైదు సార్లు తిప్పితే సాగుడు అంతటా సమమవుతుంది. జిగురు అవసరమైతే, సమం చేసిన తర్వాతే, కడ్డీతో టైరును అక్కడక్కడ ఎత్తి, ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 వంటి రబ్బరు జిగురును పలుచగా పూయాలి. ముందే పూస్తే అది పట్టేసి సర్దనివ్వదు. రాత్రంతా ఆరనివ్వాలి.

చాలా యంత్రాల్లో చక్రం మీద బ్లేడు నడిచే అంచు నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండి బ్లేడును మధ్యకు లాగుతుంది. ఇనుముకే ఆ ఉబ్బు ఉంటే సమమైన మందం గల టైరు చాలు. ఇనుము చదునుగా ఉంటే, చక్రాన్ని చేత్తో తిప్పుతూ గరుకు కాగితం అంటించిన చెక్కతో టైరు అంచులను అర మిల్లీమీటరు మేర తగ్గించాలి. మోటారు నడుపుతూ చేయడం వేగమే గాని, నేను చేయను.

చక్రాలను వాషర్లతో సహా బిగించి, పొడవాటి తిన్నని పట్టీతో అవి ఒకే తలంలో ఉన్నాయో లేదో చూడాలి. బ్లేడు ఎక్కించి, బిగువు ఇచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్లేడు నడుమ నిలిచేదాకా దాని వాలును సవరించాలి. గైడ్లు అంతకు ముందే వెనక్కి జరిపి ఉండాలి. పక్క గైడ్లకు బ్లేడుతో కాగితం మందం సందు చాలు. పని లేని రోజుల్లో బిగువు వదిలి ఉంచాలి, లేకపోతే బ్లేడు ఆనిన చోట కొత్త రబ్బరు చదునుగా అణిగిపోతుంది.