డెబియన్‌కు మారాక పేర్లు దొరకని సమస్యను సరిచేసిన విధం

పలాసలో మా బంధువుల జీడిపప్పు వ్యాపారపు లెక్కలు సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్‌లో ఉండేవి. 2024 జూన్ 30తో ఆ సిస్టమ్‌కు సవరణలు ఆగిపోవడంతో, 2028 జూన్ వరకు మద్దతున్న మరో లినక్స్ సిస్టమ్ డెబియన్ 12ను ఎంచుకున్నాను. ఆ ఎంపిక సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం. పొరపాటు తరలింపులో జరిగింది. డేటా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేశాక సర్వర్ చక్కగానే మొదలైంది గానీ, పట్టికలో ఎదురుగా ఉన్న రైతు పేరే వెతికితే దొరకలేదు. ఒక్కసారే ఉండవలసిన పేరు రెండోసారి కూడా నమోదైంది.

పోస్ట్‌గ్రెస్ 15 మామూలుగా అక్షరక్రమాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ నుంచే తీసుకుంటుంది. 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో ఆ క్రమం చాలా మారింది. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17, డెబియన్ 12లో ఉన్నది 2.36 కనుక, పాత క్రమంలో పేర్చిన ఇండెక్సులను (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికలను) కొత్త క్రమంతో వెతకడం వల్లనే ఈ తేడా వచ్చింది. కనెక్ట్ అయినప్పుడల్లా కొలేషన్ (అక్షరక్రమం) వెర్షన్ గురించి హెచ్చరిక కనిపిస్తూనే ఉంది. దాన్ని నేను వెంటనే చదవవలసింది.

ముందు బ్యాకప్ తీసుకుని, ఇండెక్సు వాడకుండా పట్టికంతా చదివించి జంట నమోదులను తొలగించాను, ఎందుకంటే అవి ఉండగా, ఒకే పేరు రెండుసార్లు రాకుండా చూసే యునిక్ ఇండెక్సు తిరిగి కట్టడం సాధ్యం కాదు. తరువాత ఇండెక్సులను తిరిగి కట్టే రీఇండెక్స్ డేటాబేస్ ఆదేశం, చివరగా కొత్త వెర్షన్‌ను నమోదు చేసేందుకు ఆల్టర్ డేటాబేస్‌తో రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ ఇచ్చాను. హెచ్చరిక పోయింది, పేర్లన్నీ దొరికాయి.